బుల్లమ్మ ఎదురు

బుల్లమ్మ పోసిన టీ గ్లాసులో పడలేదు, పక్కన అరుగు మీద పడింది. ఆమెకు రెండు గ్లాసులు కనిపించాయి. పోసింది లేనిదాంట్లో.

“ఏటే, నన్ను సూత్తన్నావా, గోడని సూత్తన్నావా?” అని మొగుడు నూకయ్య నవ్వాడు. అతనితో పడవ మీదికెళ్ళే నలుగురూ నవ్వారు. నవ్వరూ మరి! టీ కాచేది ఒకరు, పళ్ళికిలించేది అయిదుగురు.

ఏడాది కిందట ఆమె కుడికంట్లో కాన్సర్ గడ్డ బయటపడింది. విశాఖపట్నంలో రేడియేషన్ బిళ్ళని కనుగుడ్డుకి కుట్టి, నాలుగు రోజులుంచి తీశారు. గడ్డ అణిగింది. కానీ బిళ్ళ పెట్టడానికి కదిపిన కండరం మళ్ళీ కుదురుకోలేదు. కన్ను పక్కకి తిరిగింది, ఏది చూసినా రెండేసి. చిన్న ఆపరేషన్‌తో చూపు కలుస్తుందని, శుక్రవారం రమ్మని డాక్టరమ్మ చెప్పింది. “పాత ఫైలు తేవడం మర్చిపోకు. బిళ్ళ ఎక్కడ కుట్టారో అందులోనే ఉంది. అది చూడకుండా నీ కంటి మీద చెయ్యి వెయ్యను” అంది.

ఆ ఫైలును నూకయ్య పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

“పేనం దక్కింది, సాలదా? పది రోజులు నువ్వు మంచమెక్కితే వలలెవలు బాగుసేత్తారు? సేపల గంప ఎవలెత్తుతారు?”

నిజమే, ఆ వలల చిరుగులన్నీ ఒక కన్ను మూసుకుని అల్లుతున్నది బుల్లమ్మే. మెల్లకన్ను పనికి అడ్డం రాలేదు, శకునానికి మాత్రం అడ్డొచ్చింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళూ పడవెళ్ళే వేళకి పిలిచి మరీ ఎదురు రమ్మన్న అత్త తాతమ్మే ఇప్పుడు, “గుమ్మంలోకి రాకే తల్లీ, నీ కన్ను ఎదురైతే వలలో పీతయినా పడదు” అని వంటింట్లోకి తోసేది. బుల్లమ్మ నెలల తరబడి పొయ్యి ముందు దాక్కుంది. ఏడ్చింది, తిట్టుకుంది. టీ ఒలికిన ఆ సోమవారం మాత్రం ఏడుపు మధ్యలో ఆగింది. తన ఎదురుకి అంత బలమే ఉంటే, దాన్ని మసిగుడ్డలా మూల పడెయ్యడమెందుకు?

మంగళవారం తెల్లారకముందే తలంటుకుంది, రూపాయంత బొట్టు పెట్టుకుంది, రేవుకెళ్ళే దారి మధ్యలో నిలబడింది. అయిదుగురూ ఠక్కున ఆగిపోయారు. వెనక్కెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ వచ్చారు. ఆమె అక్కడే ఉంది. పడవ కదల్లేదు.

నూకయ్య చెయ్యెత్తాడు.

“కొట్టు,” అంది బుల్లమ్మ. “ఆడదాన్ని కొట్టి బయలెల్లు. అది మంచి శకునమే గావాల.”

చెయ్యి దిగింది. ఆ రోజు ఆమెకు ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం సయించింది.

బుధవారమూ అంతే. పక్క పడవలు గంపలకొద్దీ చేపలతో వస్తున్నాయి. గురువారం, చుక్కాని పట్టే ముసలి కూర్మయ్యకి ఓపిక చచ్చింది.

“ఏటి బుల్లమ్మా, ఏటి కావాల నీకు?”

“నా కంటి కాయితాలు మావా. పెట్టెలో ఎట్టి తాళమేసినాడు.”

“ఒరే నూకయ్యా, పిల్ల కాయితాలు దాసినావేట్రా? సిగ్గునేదా? పరిగెట్టు, తెచ్చియ్యి!”

రేవంతా చూస్తుండగా నూకయ్య ఇంటికి పరిగెత్తాడు. ఇసకలో జారుతూ, రొప్పుతూ తిరిగొచ్చాడు. అతను చాచిన ఫైళ్ళు రెండు కనిపించాయి ఆమెకు, పట్టుకున్న మొగుళ్ళూ ఇద్దరు. బుల్లమ్మ అరచేత్తో కుడికన్ను మూసి, నిజం ఫైలును లాక్కుంది.

“రేపటినుండీ ఎదురు రాకే,” అన్నాడు గొంతు తగ్గించి.

“రేపు ఆస్పత్రికెల్తన్నాను. బాగయ్యొచ్చి మళ్ళీ ఇక్కడే నిలబడతాను. అప్పుడు రెండు కళ్ళూ తిన్నగా నిన్నే సూత్తాయి.”

ఫైలు చంకన పెట్టుకుని ఇంటివైపు నడిచింది. సన్నని దారి, అటూ ఇటూ ముళ్ళకంప. అయిదుగురు మగాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు.

“తప్పుకోండి,” అంది బుల్లమ్మ.

ముళ్ళలోకి ముందు దిగింది నూకయ్యే.