కొండ పెడల్స్, నీలిపట్టీ

మినోసావా ఊరి సైకిల్ జట్టు పట్టీ నీలిరంగుది. ఒకప్పుడు నీలిరంగుది అనాలి. జట్టు పుట్టిన నాటి నుంచి దాన్ని ఎవరూ ఉతకలేదు. ఉతికితే అందులోని బలమంతా కాలవలో కొట్టుకుపోతుందని నమ్మకం. ఓ ఏడాది కనుమ మీద దాన్ని ఆరేస్తే, అటుగా వచ్చిన ఎలుగుబంటి వాసన చూసి, రెండు చేతులా ముక్కు మూసుకుని, పెళ్ళాం పిల్లలతో పక్క జిల్లాకి కాపురం మార్చేసిందట. ఎలుగుబంటిని చూసినవాళ్ళు లేరు గానీ, పట్టీ వాసన చూసినవాళ్ళెవరూ ఆ మాట కాదనలేదు.

ఏటా ఆకులు ఎర్రబడే వేళకి జరిగే పందెంలో జట్టుకి నలుగురు. ఒకరి తర్వాత ఒకరు ఆ పట్టీని భుజం మీంచి ఏటవాలుగా వేసుకుని తొక్కి, తర్వాతివారికి అందించాలి. ఓడిపోవడం పెద్ద విషయం కాదు, అది మినోసావావాళ్ళకి ఎప్పుడో అలవాటైపోయింది. కానీ గడువు లోపల పట్టీ చేరకపోతే, ఎదురుచూస్తున్న మనిషికి నిర్వాహకులు తెల్లపట్టీ వేసి, తుపాకీ పేల్చి పంపేస్తారు. తెల్లపట్టీతో ఆ మనిషి గీత దాటాడా, ఆ జట్టు పట్టీ తెగిందంటారు. మినోసావా పట్టీ ఇంతవరకూ తెగలేదు.

ఈసారి కనుమ దిగే ఆఖరి వంతు ఒగివారా గెన్‌పెయిది. జట్టు పెట్టినవాడు ఆయనే. డెబ్బై దాటాయి, గుండె వైద్యుడు ఇదే చివరి పందెమని ఖరాఖండిగా చెప్పేశాడు. దానికి ముందు వంతు, అంటే కనుమ ఎక్కే వంతు, ఆయన కొడుకు కజుమాది. వాడేమో పోయిన వారం పళ్ళు కోస్తూ నిచ్చెన మీంచి పడి కుడిభుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. అలా ఆ కొండ కాస్తా కోడలు ఫుసాయె నెత్తిన పడింది.

ఫుసాయెకి కొండ కొత్త కాదు. అటవీ సంఘంలో ఆమె పని దేవదారు తోటలు తిరిగి చూడటం. బురద దారుల్లో కొండ సైకిల్ తొక్కీ తొక్కీ ఆమె పిక్కలు రాటుదేలిపోయాయి. మొగుడి రోడ్డు సైకిల్ తీసుకుంది గానీ, దానికి తన కొండ సైకిల్ పెడల్స్ బిగించుకుంది. ఆ పెడల్స్‌కి రెండు వైపులా పట్టు ఉంటుంది, కాలు ఎలా పెట్టినా బూటు అడుగున ఉన్న ఇనుపబిళ్ళ టక్కున ఇరుక్కుంటుంది. ఆ బూట్లతో మామూలుగా నడవొచ్చు కూడా. రోడ్డు బూట్లకైతే అడుగున పెద్ద ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. వాటితో రెండడుగులు వేస్తే బాతు మంచుమీద నడిచినట్టుంటుంది.

మామగారికి అది గిట్టలేదు. కిమోనో కట్టుకుని గంబూట్లు తొడుక్కున్నట్టుందని భోజనాల దగ్గర అన్నారు. ఫుసాయె ముల్లంగి పచ్చడి గిన్నె ఆయన వైపు జరిపి, తన కాళ్ళకి గంబూట్లే నప్పుతాయి మామయ్యా అంది. అక్కడితో మాట ఆగిపోయింది. మాటే ఆగింది గానీ ఆయన చెయ్యి ఆగలేదు.

పందెం రోజు కొండ కింద, మూడో వంతు మొదలయ్యే చోట, కజుమా వ్యాన్లోంచి సైకిల్ దించాడు. ఫుసాయె ఎక్కబోయి కాలు పెట్టింది. కాలు జారింది. మళ్ళీ పెట్టింది. అప్పుడు కిందికి చూసింది.

ఉన్నవి రోడ్డు పెడల్స్. సీటుకి ఓ సంచీ వేలాడుతోంది. అందులో కొత్త రోడ్డు బూట్లు, తెల్లగా మెరుస్తున్నాయి. తెల్లవారుజామున మామగారు కొట్టంలో ఏదో సర్దుతున్న చప్పుడు ఆమెకి ఇప్పుడు అర్థమైంది. ఊరి పరువు కోసం ఆయన రహస్యంగా చేసిన ఉపకారం అది. బూట్ల కొలత కూడా అంతే రహస్యంగా తీసుకున్నారు, గుమ్మంలో విడిచిన ఆమె గంబూట్ల నుంచి. అవి ఆమె రెండు జతల ఉన్నిమేజోళ్ళ మీద వేసుకునేవి. కొత్త బూటులో కాలు పెడితే, పక్కన ఇంకో కాలికి కూడా అద్దెకివ్వొచ్చు అన్నంత ఖాళీ ఉంది.

ఆయన్ని తిడదామంటే ఆయన అప్పటికే కనుమ పైన ఉన్నారు. ఆమె పాత పెడల్స్ వ్యాన్లోని పనిముట్ల పెట్టెలో వార్తాపత్రికలో చుట్టి భద్రంగా ఉన్నాయి. అంత పద్ధతి గల మనిషి.

ఫుసాయె సైకిల్ కదలకుండా పట్టుకుంటే, కజుమా ఎడంచేత్తో పానా పట్టుకున్నాడు. కుడివైపు పెడల్ ఎలాగో ఎక్కింది. ఎడమవైపు పెడల్ మర తిరగేసి ఉంటుంది, అందరూ బిగించే వైపు తిప్పితే అది ఊడుతుంది. ఆ సంగతి కజుమాకి తెలుసు. కానీ అప్పుడే మలుపులో తమ జట్టు రెండోవంతు మనిషి కనిపించాడు, జనం కేకలు మొదలయ్యాయి, కజుమా తొందరపడ్డాడు. పెడల్ కాస్త వంకరగా మొదలై, రెండు చుట్లు తిరిగి, బిగుసుకుంది. గట్టిగా ఉంది కాబట్టి సరిగ్గా ఎక్కిందనుకున్నాడు.

"ఏమండీ, గట్టిగా పట్టిందా?"

"రాయిలా పట్టింది, వెళ్ళు."

చెమటతో తడిసిన పట్టీ భుజం మీద పడింది. ఫుసాయె బయల్దేరింది.

మొదటి నాలుగు మలుపులు బాగానే సాగాయి. సన్నటి జల్లు, పొగమంచు. కనుమ మీది మైకు గొంతు కొండల్లో పడి దొర్లుకుంటూ వస్తోంది, గడువు ఇంకా ఎంతుందో చెబుతోంది. ఆమె లెక్కలో నిదానంగా తొక్కినా చేరేంత సమయం ఉంది.

అయిదో మలుపులో ఎడమకాలి కింద చిన్న చప్పుడు. కిక్. ఇంకో చుట్టు, మళ్ళీ కిక్. బూటుదనుకుంది. మడమ కదిపి చూసింది, బూటు గట్టిగానే ఉంది. వంగి చూస్తే పెడల్ నేలకి సమంగా లేదు, ఓరగా వాలి ఉంది. మర తప్పి ఎక్కిన ఇనుము, పెడల్‌ని పట్టి ఉంచే మెత్తటి క్రాంక్ కడ్డీని లోపల్నుంచి కొరుక్కుతింటోంది.

ఆగితే బిగించడానికి పానా లేదు. ఉన్నా ఇక పట్టదు. ఎడమకాలు ఊరికే ఉంచి, కుడికాలితోనే తొక్కడం మొదలుపెట్టింది. కొండ ఎక్కేటప్పుడు ఒంటికాలితో తొక్కడమంటే, ఒక చేత్తో బావిలోంచి నిండుబిందె చేదుకోవడమే. వేగం సగానికి పడిపోయింది. వెనకనున్న రెండు జట్లవాళ్ళు ఆమెను దాటిపోయారు. అందులో ఒక కుర్రాడు వెళ్తూ వెళ్తూ, అక్కా పంచరా అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి తొక్కుతూనే ఉంది.

మైకు మళ్ళీ పలికింది. ఈసారి జట్ల పేర్లు చదివింది, తెల్లపట్టీలకు సిద్ధం కావలసినవారివి. అందులో మినోసావా ఉంది.

ఫుసాయె కళ్ళముందు మామగారి మెడలో తెల్లపట్టీ కనిపించింది. ఆఖరిసారి, అందరూ చూస్తుండగా. ఆయన మీద కోపం ఇంకా అలాగే ఉంది, అయినా ఆ బొమ్మ చూడలేకపోయింది. ఎడమకాలు కూడా దించి ఒక్కసారి బలంగా తొక్కింది.

కడక్ మని పెడల్ ఊడింది.

సైకిల్ ఎడమకి ఒరిగింది. కాలు ముందుకి దూసుకుపోయి రోడ్డంచు ఇనుపకమ్మీకి తగిలింది. కమ్మీ అవతల పొగమంచు తప్ప ఏమీ లేదు. కుడికాలు పెడల్ పట్టులోంచి ఎలా తప్పించుకుందో ఆమెకే తెలియదు, చూస్తే నిలబడి ఉంది. ఎడమబూటుకి మాత్రం పెడల్ అలాగే అంటుకుని ఉంది, గుర్రానికి లాడం కొట్టినట్టు. మడమ తిప్పితే ఊడాలి. తిప్పింది. పెడల్ కూడా బూటుతోపాటే తిరిగింది. చేత్తో పట్టుకుని తిప్పబోతే చలికి వేళ్ళు మాట వినలేదు.

పైన మైకు అంకెలు లెక్కపెట్టడం మొదలైంది.

ఆమె ఇక విప్పలేదు. సైకిల్ నెట్టుకుంటూ పరుగెత్తింది. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు ఠంగ్‌మని. ఆ చప్పుడుకి కనుమలోని కోతులన్నీ పెళ్ళి ఊరేగింపేమోనని చెట్లు దిగి రోడ్డుపక్కన బారులు తీరాయని తర్వాత ఊరంతా చెప్పుకుంది. ఆమెకి మాత్రం ఒక్క కోతీ కనబడలేదు. రోడ్డు, వాన, తన ఊపిరి, అంతే.

చివరి మలుపు తిరుగుతుండగా తుపాకీ పేలింది.

ఆమె ఆగలేదు. ఆగుదామన్నా కాళ్ళకి ఆగడం తెలియడం లేదు. పొగమంచులో ముందు జెండాలు, తర్వాత జనం, తర్వాత తెల్లగీత కనిపించాయి. తెల్లపట్టీలు వేసుకున్న ఇద్దరు అప్పటికే గీత దాటి వెళ్ళిపోతున్నారు. మూడో మనిషి గీత దగ్గరే ఉన్నాడు.

మామగారు. ఎడమకాలు నేలమీద, కుడికాలు పెడల్ కోసం వెతుకుతోంది. రోడ్డు పెడల్‌కి పట్టు ఒకవైపే, బూటు ముక్కుతో తిప్పి పట్టుకోవాలి. ఆయన కాలు తన్నుతోంది, పెడల్ గిర్రున తిరిగిపోతోంది. మళ్ళీ తన్నుతోంది, మళ్ళీ జారుతోంది.

నిర్వాహకుడు నిషిజిమా గడియారం పట్టుకుని ఆయన మీదికి వంగాడు. "ఒగివారా గారూ, బయల్దేరాలండీ."

"పెడల్ దొరకడం లేదు బాబూ. ముసలికాలు, చెప్పిన మాట వినదు."

జనంలో నవ్వు లేచింది. ఎవరో కుర్రాడు, తాతగారికి కొండ పెడల్స్ పెట్టాల్సింది, ఎటు తొక్కినా పడతాయి అన్నాడు. నవ్వు ఇంకా పెద్దదైంది. మినోసావా జట్టు పెట్టినవాడు, రోడ్డు సైకిలంటే నేనే అని జీవితమంతా మీసం మెలేసినవాడు, తల వంచుకుని వినయంగా ఆ నవ్వంతా భరించాడు. "నిజమే నాయనా, పెట్టాల్సింది" అని కూడా అన్నాడు. కాలు మళ్ళీ జారింది.

ఫుసాయె పరుగెత్తుతూనే ఆ కాలిని చూసింది. రోజూ పొద్దున ఆయన వాకిట్లోంచి బయల్దేరే చప్పుడు ఆమె వంటింట్లో వింటుంది. ఒకటే టక్. కాలు జారి రెండోసారి వెతుక్కున్న చప్పుడు ఆమె ఎన్నడూ వినలేదు.

ఇంకో పదడుగులు. ఠంగ్, ఠంగ్ అన్న చప్పుడుకి జనం తిరిగి చూశారు, నవ్వు ఆగిపోయింది. నిషిజిమా ఒకసారి గీత వైపు, ఒకసారి గెన్‌పెయి ముందుచక్రం వైపు చూసి, గడియారం కిందికి దించాడు.

ఆమె పట్టీ తీసి చాచింది. గెన్‌పెయి తెల్లపట్టీ తలమీంచి తీసి నిషిజిమా చేతిలో పెట్టారు. తడిసి, కంపుకొడుతున్న నీలిపట్టీ భుజాన వేసుకున్నారు. అప్పుడాయన చూపు కోడలి ఎడమబూటు మీద పడింది. బూటుకి వేలాడుతున్న పెడల్, దాని మరల నిండా క్రాంక్‌లోంచి ఊడివచ్చిన తెల్లటి లోహపు పొడి. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"దాన్ని లాగకు తల్లీ, మడమ బెణుకుతుంది" అన్నారు. "ఇద్దరం కిందికి చేరాక, కూర్చోబెట్టి విప్పుతాను."

కిందికి చూడకుండానే కుడికాలు ఎత్తి పెట్టారు. టక్‌మంది.