రేకు గోడ వెనక

కొత్త ఇంట్లో దిగిన తొలి ఆగస్టులోనే ఆ వాసన మొదలైంది. పొద్దున పూట తడిసిన కుక్కని గదిలో పెట్టి తలుపేసినట్టు ఉండేది. మధ్యాహ్నానికి కుళ్ళిన గోనెసంచి కంపు కొట్టేది. బాలామణి మొదట చెత్తబుట్ట కడిగింది. తర్వాత సింకు గొట్టం విప్పించింది. ఫ్రిజ్ జరిపించి వెనకంతా తుడిచింది. ఎక్కడా ఏమీ దొరకలేదు.

ఆ ఇల్లు అల్ ఖోబర్ దాటాక, సముద్రానికి దగ్గర్లో ఒక ఖర్జూరపు తోటలో ఉంది. తోట ఆమె భర్త హరనాథ్ పనిచేసే కంపెనీ యజమానిది. ఇనప చట్రం మీద రేకులు బిగించి, అమెరికా పల్లెల్లోని కొట్టాల ఆకారంలో అక్కడ ఒక వరస ఇళ్ళు కట్టి, ఇంజినీర్ల కుటుంబాలకు అద్దెకివ్వాలని కంపెనీ ఆలోచన. డిజైన్ హరనాథ్‌దే. ముందుగా పూర్తయిన ఇంట్లో తనే కాపురం పెట్టి, చూడవచ్చినవాళ్ళకు చూపిస్తానని యజమానితో చెప్పాడు. ఎర్రటి ఏటవాలు కప్పు, లోపల తెల్లటి పలకల గోడలు, పైన చెక్క అటక. ఫొటోల్లో బాగుండేది. కాకినాడ నుంచి బాలామణి తల్లి మాత్రం వీడియోలో చూసి, "సౌదీ వెళ్ళి గొడ్లసావిట్లో ఉంటున్నారేంటే" అంది.

ఆ ఇంటి కోసం బాలామణి ఖోబర్‌లోని ఇండియన్ స్కూల్లో బయాలజీ టీచరుగా చేస్తున్న ఉద్యోగం మానుకుంది. తోటలోకి స్కూలు బస్సు రాదు. రోజూ దింపి రావడానికి హరనాథ్‌కు తీరదు. "నువ్వు ఇంట్లో ఉంటే వచ్చినవాళ్ళకు కళ కనిపిస్తుంది బాలా" అన్నాడతను.

వాసన సంగతి ఆమె చెప్పినప్పుడు అతను లాప్‌టాప్ నుంచి తల కూడా ఎత్తలేదు.

"నీ ఎండు నెత్తళ్ళు" అన్నాడు. "ఈ ఇల్లు గాలి చొరబడకుండా కట్టింది. లోపల వండింది లోపలే ఉంటుంది. కరెంటు ఆదా అయ్యేది అందుకే."

బాలామణి నమ్మింది. అమ్మ పంపిన నెత్తళ్ళ పొట్లం తీసుకెళ్ళి తోట బయట పారేసింది. చేపలు మానేసింది. తర్వాత ఇంగువ మానేసింది. ఉల్లిపాయలు వేయించాల్సి వస్తే పెరట్లో స్టవ్ పెట్టుకుని, ఉక్కపోతలో చెమటలు కక్కుతూ వేయించింది. ఇంట్లో బఖూర్ వెలిగించింది. ఆ సాంబ్రాణి పొగ కింద నుంచి ఆ కంపు మళ్ళీ మెల్లగా పైకి తేలేది. రోజుకు రెండు మూడుసార్లు స్నానం చేసేది. తన జుట్టు తనే ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేది. ఒంట్లోనే ఏదైనా జబ్బు మొదలైందేమోనని కూడా అనుకుంది.

ఒకరోజు యజమాని చెల్లెలు నూఫ్ ఇల్లు చూడటానికి వచ్చింది. హాల్లో కాసేపు కూర్చుని, తల మీది షేలా ముసుగు అంచుతో ముక్కు మూసుకుంది. వంటగదిలో ఖహ్వా, అరబ్బు కాఫీ, పోస్తున్న బాలామణికి హరనాథ్ నవ్వు వినిపించింది. "మా ఆవిడది సముద్రతీరం మేడమ్. ఎండు చేపలు లేనిదే ముద్ద దిగదు" అని ఇంగ్లీషులో చెబుతున్నాడు. చేప ముట్టి అప్పటికి రెండు వారాలు దాటింది. బాలామణి ముఖం కాలిపోయినట్టయింది. కప్పులు పట్టుకుని హాల్లోకి వెళ్ళింది, కానీ నూఫ్ పక్కన కూర్చోవడానికి ధైర్యం చాలలేదు. దూరంగా నిలబడింది. వెళ్ళేటప్పుడు నూఫే మర్యాదగా తన నంబరిచ్చి, ఏదైనా కావాలంటే ఫోన్ చెయ్యమంది.

సెప్టెంబరు వచ్చేసరికి ఉక్క మరీ ఎక్కువైంది. పొద్దున్నే కిటికీ అద్దాల మీద బయటి వైపు నీళ్ళు ధారగా కారేవి. ఏసీ ఒక్క నిమిషం ఆగేది కాదు. హాల్లో సోఫా వెనక గోడ అడుగున పలక ఉబ్బింది. దాని అంచు నుంచి జర్దా ఉమ్మిలాంటి గోధుమరంగు చార ఒకటి నేల మీదికి దిగింది. బాలామణి గుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డకు జిగురు అంటుకుంది. ఆ జిగురులో నల్లటి నూగు. చేతులు డెట్టాలుతో కడుక్కుంది. అయినా ఆ పూట అన్నం కలపబుద్ధి కాక చెంచాతో తిన్నది.

ఏసీ చూడటానికి మెయింటెనెన్స్ నుంచి సదానందం వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. చాలాకాలంగా ఆ కంపెనీలోనే ఉన్నాడు.

"మిషిన్ మంచిగనే ఉన్నది అక్కా" అన్నాడు మూత బిగిస్తూ.

"మరి ఆగదేంటి? ఈ గోడ చూడండి, ఎలా ఉబ్బిందో. ఒకసారి పలక విప్పుతారా?"

సదానందం గోడ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"ఒద్దక్కా. గోడలు ఇప్పద్దని సార్ చెప్పిండు."

"ఎప్పుడు చెప్పారు?"

"పోయినేడు ఎండకాలంలనే. అప్పుడు వైరు కోసం ఆ పక్క రూముల ఇప్పినం. లోపట అంత నీళ్ళే. సార్ అచ్చి సూసి, మూసెయ్యమన్నడు. మీకు చెప్పిండేమో అనుకున్న." అతని గొంతు తగ్గింది. "నా పేరు చెప్పకు అక్కా. గీ మాటకు నన్ను ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతరు."

పోయినేడు అంటే వాళ్ళు ఆ ఇంట్లోకి రాకముందే. బాలామణి అతని దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, మీరు వెళ్ళండని పంపేసింది.

సోఫా జరిపి, గోడ ముందు కూర్చుని ఒక్కొక్క స్క్రూ విప్పింది. కొన్ని తుప్పు పట్టి పొడిపొడిగా రాలిపోయాయి. పలక లాగగానే వెనక ప్లాస్టిక్ షీటు కనిపించింది. అది నిండు చూలాలి పొట్టలా ముందుకు ఉబ్బి ఉంది. ఆమె వేలు తగిలిందో లేదో చిరిగింది. గోధుమరంగు నీళ్ళు భళ్ళున ఒళ్ళో పడ్డాయి. వేడి ఆపడానికి గోడ నిండా కూరిన గాజు ఉన్ని తడిసి బరువెక్కి, అడుగుకు జారి ముద్దగా కూర్చుంది. పసుపు రంగుది నల్లగా, చీము పట్టినట్టు తయారైంది. గోడ పై సగంలో ఉన్నే లేదు. అక్కడ చెయ్యి పెడితే బయటి రేకు కాలుతోంది. ముద్దలో తెల్లటి పురుగులు మెదులుతున్నాయి. ఒకటి ఆమె మణికట్టు మీదికి పాకింది.

బాలామణి సింకు దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ మిగలకపోయినా వాంతి ఆగలేదు. ఇన్నాళ్ళూ ఆ గోడకు ఆనుకుని కూర్చుంది. దాని పక్కనే బట్టలు మడతపెట్టింది. ఆ గాలే పీల్చింది.

సాయంత్రం హరనాథ్ వచ్చేసరికి గోడ అలాగే తెరిచి ఉంది. అతను గుమ్మంలోనే ఆగాడు. ఆశ్చర్యపోలేదు.

"ఎవరు విప్పమన్నారు?" అన్నాడు.

"మీకు తెలుసా ఇది?"

అతను బూట్లు విప్పి, జాగ్రత్తగా పక్కపక్కన పెట్టాడు. "అది చలిదేశపు డ్రాయింగ్. అక్కడ ఇంటి లోపల వెచ్చన కాబట్టి ప్లాస్టిక్ లోపలి వైపు వేస్తారు. ఇక్కడ తేమంతా బయట్నుంచి వస్తుంది. షీటు బయటి వైపు ఉండాలి. మనం ఆ డ్రాయింగే వాడాం. రేకు అతుకుల్లోంచి గాలి లోపలికొచ్చి, చల్లటి పలక వెనక నీరవుతుంది. తెలిసేసరికి ఇళ్ళన్నీ సగం లేచాయి. అప్పుడు విప్పిస్తే నా తప్పని ఒప్పుకున్నట్టేగా."

"తెలిసే నా వంట అన్నారా?"

"వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలిగా బాలా."

"నాక్కూడానా?"

అతను చీపురు అందుకుని నీళ్ళు తోశాడు. పలక మళ్ళీ నిలబెట్టి, రెండు మూడు స్క్రూలు బిగించి, సోఫా వెనక్కి జరిపాడు. గది నిండా సెంటు కొట్టాడు. "శుక్రవారం శ్రీలత వాళ్ళు వస్తున్నారు. మొహం అలా పెట్టుకోకు" అన్నాడు. అన్నం తినేటప్పుడు అతను వేళ్ళు నాకడం చూసి బాలామణి తన కంచం పక్కకు జరిపేసింది. ఇన్నేళ్ళుగా చూస్తున్న మనిషే. ఇప్పుడు అతని మెడ, అతని గుటక, కంచంలో అతని చెయ్యి, ఏదీ చూడలేకపోయింది. ఆ రాత్రి నుంచి ఆమె అటక మీద పడుకుంది.

శ్రీలత స్కూల్లో ఆమెతో కలిసి పనిచేసిన టీచరు. వాళ్ళ పాప రిషితకు ఆయాసం ఉంది. ఊళ్ళో దుమ్ముకు ఎక్కువవుతోందని, ఊరి బయట ఇంటి కోసం చూస్తున్నారు. ఆ సంగతి హరనాథ్‌కు తెలుసు. తెలిసే రమ్మన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. హరనాథ్ వాళ్ళను సరిగ్గా ఆ సోఫాలోనే కూర్చోబెట్టాడు. పాప మధ్యలో కూర్చుని, వెనక గోడకు తల ఆనించి ఫోను చూసుకుంటోంది.

"పాపకి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదమ్మా" అంటున్నాడతను శ్రీలతతో. "దుమ్ము లోపలికి రాదు. ఫిల్టర్ చేసిన గాలి. కరెంటంటారా, మామూలు ఇంటికయ్యేదాంట్లో సగం." గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. ప్రేమగా పాప తల నిమిరాడు కూడా.

టీ ట్రే పట్టుకుని వచ్చిన బాలామణి ఆ చెయ్యి చూసింది. ట్రే బల్ల మీద పెట్టింది.

"శ్రీలతా, పాపని అక్కణ్ణుంచి లేపు" అంది.

"ఏమైంది బాలా?"

"ఆ గోడ లోపలంతా కుళ్ళిపోయింది. బూజు పట్టి, పురుగులు పడ్డాయి. ఈయనకి పోయినేడే తెలుసు. మీరు ఈ ఇళ్ళు తీసుకోవద్దు."

హరనాథ్ నవ్వాడు. "తోటలో ఒంటరిగా ఉండి దీనికి మతి పోతోంది. మీరు టీ తీసుకోండి."

బాలామణి పాపను తనే చెయ్యి పట్టుకుని లేపి తల్లికి అప్పజెప్పింది. సోఫా ఒక పక్కకు లాగి, పలక అంచు కింద వేళ్ళు దూర్చి గుంజింది. అడుగున స్క్రూ లేదు. పలక ఊడి చేతికొచ్చింది. ఆ కంపు ఒక్కసారిగా గదంతా కమ్మింది. శ్రీలత భర్త వంగి చూసి, నోరు మూసుకుని వెనక్కి తగ్గాడు. పాపకు దగ్గు మొదలైంది. శ్రీలత బ్యాగులోంచి ఇన్‌హేలర్ తీస్తూనే పాపను ఎత్తుకుని బయటికి నడిచింది.

"సిగ్గుందా నీకు?" అన్నాడు హరనాథ్ మెల్లగా.

బాలామణి లోపలికి వెళ్ళి, పాస్‌పోర్టు, కొన్ని బట్టలు సంచిలో వేసుకుని, శ్రీలత వాళ్ళ కారులోనే ఖోబర్ వెళ్ళిపోయింది. దారిలో శ్రీలత ఒకసారి వెనక్కి తిరిగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. తన బట్టలకు ఆ వాసన ఉందేమోనని బాలామణి ముడుచుకుని కూర్చుంది.

రెండు రోజుల తర్వాత సదానందం ఫోన్ చేశాడు. "షీటు మేమే ఉల్టా ఏసినమని సార్ ఆఫీసుల చెప్పిండట అక్కా. నన్ను పంపుడే అంటున్నరు" అన్నాడు. ఏడవడం లేదు గానీ, మాట తడబడుతోంది.

బాలామణి నూఫ్‌కు ఫోన్ చేసింది. డ్రాయింగ్ ఎవరిదో, పోయినేడు గోడ మూసెయ్యమన్నది ఎవరో, ఎండు చేపల మాట ఎందుకు పుట్టిందో, అన్నీ చెప్పింది. అంతా విన్నాక ఆవిడ, "ఆరోజు నేను మీ ముందు ముక్కు మూసుకున్నాను, క్షమించండి" అంది.

సదానందాన్ని పంపలేదు. తోటలో ఇళ్ళన్నిటికీ పలకలు విప్పారు. అన్నిట్లోనూ అదే కుళ్ళు. ఉన్ని అంతా గోతాల్లో కుక్కి లారీల్లో తీసుకెళ్ళారు. యజమాని హరనాథ్‌ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. జెద్దాలో గోదాముల పని చూసుకొమ్మని పంపాడు. ఆ సంగతి విన్నప్పుడు, మళ్ళీ రేకు గోడలేనా అని బాలామణికి నవ్వొచ్చింది, ఆ వెంటనే రోతగానూ అనిపించింది.

స్కూలు ఆమెను మళ్ళీ తీసుకుంది. శ్రీలత వాళ్ళ బిల్డింగులోనే ఒక చిన్న గది దొరికింది. హరనాథ్ వారానికొకసారి ఫోన్ చేస్తాడు. జెద్దాలో మంచి ఫ్లాటు చూశానని, జరిగింది మర్చిపొమ్మని అంటాడు. ఆమె ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్, అతని పేరు మీదే ఉంది. రెన్యువల్ అతనే చేయించాలి. అందుకని ఆమె ఫోన్ ఎత్తుతుంది.

"ఎప్పుడొస్తావు?" అని అడిగాడు మొన్న.

"పరీక్షలవనీండి" అంది బాలామణి. ఫోన్ పెట్టేసి, చేతులు తుడుచుకుని, తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దడానికి కూర్చుంది.