పిన్ని చెవులు

నలభైకి దగ్గరపడి, ముందుకి పొట్ట కూడా వచ్చినా పిన్నికి అతను ఇంకా బుడ్డోడే. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోతే తెచ్చి పెంచుకున్న అక్క కొడుకు. పిన్ని పిలుపు విని భార్య పట్టుకుంది, భార్య పిలుపు విని సర్వీస్ సెంటర్లో వాళ్ళు పట్టుకున్నారు. కౌంటర్ దగ్గర కొత్తవాళ్ళు బుడ్డోడెవరని అడిగినప్పుడు ఆరడుగుల మనిషి స్టూలు మీంచి లేస్తుంటే వాళ్ళ మొహాలు చూడాలి.

ఆ సెంటర్లో ఫోన్లు, మిక్సీలు, వాషింగ్ మెషీన్లు, ఏవి తెచ్చినా చూస్తారు. అతని చేతిలో పనితనం ఉందని అందరూ ఒప్పుకుంటారు. లేనిదల్లా ఓపిక. వచ్చినవాళ్ళు నోరు తెరిచి సగం మాట చెప్పేలోగా వస్తువు లాక్కుని అటూ ఇటూ తిప్పి, "ఏం నొక్కారు?" అంటాడు. మేం ఏమీ నొక్కలేదండీ అని వాళ్ళంటే నవ్వుతాడు. సగం రిపేరు కార్డుల మీద "వాడకంలో పొరపాటు" అని రాసేది అతనే.

పిన్ని ముప్పయ్యొక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. అవతలివాళ్ళు హలో అనకముందే ఊపిరి తీసుకున్న తీరుని బట్టి ఎవరో చెప్పేదని పేరు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, వీధి చివరి పళ్ళ డాక్టరు దగ్గర చిన్న పని ఒప్పుకుంది. క్లినిక్ తెరవకముందు, ఉదయం ఏడింటి నుంచి పదింటి దాకా, అక్కడికి వచ్చే ఫోన్లన్నీ పిన్ని సెల్లుకి మళ్ళిస్తారు. గీతల పుస్తకంలో పేరు, పన్ను, టైము రాసుకుని పదింటికి వెళ్ళి ఇచ్చి వస్తుంది. పంటి నొప్పితో తెల్లారగట్ట నుంచి వేగిపోతున్న మనిషికి మొదట వినపడేది తన గొంతేనని ఆవిడకి కొంచెం గర్వం కూడా.

ఒక మధ్యాహ్నం పిన్ని సెంటరుకి వచ్చింది. లోన్లు ఇస్తామనీ, స్థలాలు కొనమనీ రోజూ ఎవరెవరో ఫోన్లు చేసి చంపుతున్నారని చెప్పింది. ఆ వారంలో అది చెప్పడం నాలుగోసారి. అతని ముందు ఒక వాషింగ్ మెషీన్ బోర్డు విప్పి ఉంది, దాని యజమాని ఎదురుగా నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. బుడ్డోడు పిన్ని చేతిలోంచి ఫోను తీసుకుని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, పేరు లేని నంబర్లు ఏవీ మోగకుండా చేసే ఆప్షన్ ఆన్ చేశాడు. "ఇంక ఎవడూ విసిగించడు పో. తెలియని నంబర్లకి మాత్రం నువ్వు తిరిగి ఫోన్ చెయ్యకు, మోసగాళ్ళుంటారు" అన్నాడు. మొత్తం అర నిమిషం పట్టలేదు. పళ్ళ డాక్టరు దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్ళందరివీ తెలియని నంబర్లేనన్న సంగతి ఆ అర నిమిషంలో అతనికి తట్టలేదు. ఆ సాయంత్రానికి ఆప్షన్ సంగతే మర్చిపోయాడు.

పది రోజులకి పిన్ని ఫోన్ చేసింది. ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నా కొన్ని మోగడం లేదురా, తర్వాత చూస్తే ఎర్రగా మిస్డ్ కాల్స్ కనబడుతున్నాయి అంది. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యమన్నాడు. మళ్ళీ చేస్తే సౌండు పెంచుకోమన్నాడు. మూడోసారి, సంచిలో వేసుకున్నప్పుడు పక్క బటన్ నొక్కుకుపోయి ఉంటుందన్నాడు. నాలుగోసారి ఆవిడ స్వయంగా వచ్చి ఫోను చేతికిస్తే, అతను తన సెల్లులోంచి ఆ నంబరుకి కొట్టాడు. గణగణ మోగింది. మోగదా మరి, అతని పేరు అందులో ఉంది కదా.

"ఇదిగో, వినపడుతోందా? ఫోను బంగారంలా ఉంది" అన్నాడు. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతుంటే, చేతిలోని మిక్సీ మీంచి తల ఎత్తకుండానే అన్నాడు. "వయసు కదా పిన్నీ. ఒకసారి చెవులు చూపించుకో."

ఆవిడ ఫోను సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆవిడ పడిన అవస్థ అతనికి ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఫోనుని స్టీలు పళ్ళెంలో పెట్టుకునేదట, మోత వినపడకపోయినా పళ్ళెం అదురు వినపడుతుందని. పళ్ళెం కూడా అదరలేదు. రాత్రి పడుకోబోయే ముందు గోడ గడియారం టిక్కుమంటోందో లేదో వినేదట. డాక్టరు పేషెంట్లు, పొద్దున్న ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తడం లేదని కసురుకున్నారు. పాత పేషెంట్ల పేర్లు ఎక్కించి ఉన్నాయి కాబట్టి అవి మోగేవి, కొత్తవి మోగేవి కావు. కొన్ని వినబడి కొన్ని వినబడకపోతే చెవిదే దోషమని ఎవరికైనా అనిపిస్తుంది. చెవుల డాక్టరు పరీక్ష చేసి, ఈ వయసులో అందరికీ ఉండేంత తగ్గుదలే ఉంది, కావాలంటే చెవికి మిషన్ పెట్టుకోవచ్చు అన్నాడు. ఆ "కావాలంటే" పిన్ని లెక్కలోకి తీసుకోలేదు. మిషన్ కొనుక్కుంది. పళ్ళ డాక్టరు మర్యాదస్తుడు, ఉండమనే అన్నాడు. అయినా గీతల పుస్తకం బల్ల మీద పెట్టి, మనుషులు నొప్పితో చేసే ఫోను వినపడని దాన్ని నాకెందుకండీ ఈ పని అని వచ్చేసింది.

మిషన్ పెట్టుకుంటే గిన్నె కింద పెట్టినా ఇల్లు కూలినట్టు ఉందనీ, మధ్యలో కూత పెడుతోందనీ దాన్నీ బుడ్డోడి దగ్గరికే తెచ్చింది. ఆ కూత మాత్రం అతను ఓపిగ్గా, ప్రేమగానే సరిచేసి ఇచ్చాడు.

ఏడు నెలలు గడిచాయి. ఒక ఉదయం సెంటరుకి ఒక ప్లంబరు వచ్చాడు. పది రోజులుగా కొత్త బేరం ఒక్కటీ లేదనీ, మీరు ఫోన్ ఎత్తరా అని జనం తిడుతున్నారనీ, తన ఫోను మాత్రం మోగనే లేదనీ అన్నాడు. ఏం నొక్కారని అడుగుతూనే బుడ్డోడు సెట్టింగ్స్ తెరిచాడు. పేరు లేని నంబర్లు మోగకుండా చేసే ఆప్షన్ ఆన్‌లో ఉంది. ఆఫ్ చేసి, సెంటరు ఫోను నుంచి కొట్టి వినిపించాడు. ఎవరు పెట్టారండీ ఇది అని నవ్వాడు. మా బావమరిదండీ, వాడికి ఫోన్లు బాగా తెలుసు అన్నాడు ప్లంబరు.

ఆ నవ్వు బుడ్డోడి మొహం మీదే ఆగిపోయింది. ప్లంబరు థాంక్సు చెప్పి వెళ్ళిపోయినా అతను కూర్చోలేదు. విప్పిన వాషింగ్ మెషీన్ బోర్డు, గడియారం చూసుకుంటున్న మనిషి, చెయ్యి చాచి నిలబడ్డ పిన్ని, అన్నీ వరసగా కళ్ళ ముందుకి వచ్చాయి. ఒంట్లో బాగాలేదని చెప్పి బయటపడ్డాడు. అది అబద్ధం కూడా కాదు.

పిన్ని తలుపు తీసి, ఈ వేళప్పుడు వచ్చావేమిట్రా అంది. ఊరికే వచ్చానన్నాడు. ఆవిడ మంచినీళ్ళకి లోపలికి వెళ్ళగానే బల్ల మీది ఫోను అందుకుని ఆ ఆప్షన్ ఆఫ్ చేశాడు. లిస్టు చూశాడు. కింద నుంచి పై దాకా ఎర్రగా, పేరు లేని నంబర్లు. ఒకే నంబరు పదకొండుసార్లు ఉంది. సెంటరుకి ఫోన్ చేసి, పిన్ని ఫోనులో పేరు లేని ఆ నంబరు నుంచి ఒకసారి కొట్టమన్నాడు. ఫోను గట్టిగా మోగింది. వంటింట్లో గ్లాసు చప్పుడైంది. మిషన్ చెవిలో లేకుండానే పరుగున వచ్చింది పిన్ని.

"మోగింది" అంది. "అక్కడికి వినపడిందిరా."

ఆ క్షణంలో చెప్పాల్సింది. ఆవిడ మొహం చూసి చెప్పలేకపోయాడు. ఫోనులోనే లోపం ఉంది పిన్నీ, అప్‌డేట్ వచ్చినప్పుడు ఒక ఆప్షన్ దానంతట అదే మారిపోయింది అన్నాడు. నీ చెవులు బాగానే ఉన్నాయి అన్నాడు. పిన్ని కుర్చీలో కూర్చుని రెండు చెవులనీ అరచేతులతో మూసి, తీసి, మళ్ళీ మూసి చూసుకుంది. తర్వాత అతని తల మీద చెయ్యి వేసింది. పని మానుకుని వచ్చి కనిపెట్టావురా, నేనేమో మధ్యలో నీ మీద కోపం కూడా తెచ్చుకున్నాను, వీడు నా మాట వినడం లేదని అనుకున్నాను, తప్పురా అంది. ఆ చెయ్యి కింద అతను తల వంచుకుని ఉండిపోయాడు.

అక్కడి నుంచి అతని బాధ మొదలైంది. పిన్ని పళ్ళ డాక్టరుకి చెప్పింది, పక్కింటివాళ్ళకి చెప్పింది, మా బుడ్డోడు కనిపెట్టాడని. భార్యతో మాట్లాడి, వాడికి ఇష్టమైనది ఏదైనా చేసిపెట్టమ్మా అంది. భార్య చేసిపెడితే కంచం పక్కకి జరిపేశాడు. ఏమైందని ఆమె నిలదీస్తే అంతా చెప్పాడు. ఆమె "నాకు కాదుగా చెప్పాల్సింది" అంది.

పదకొండుసార్లు ఉన్న నంబరు ఎక్స్ఛేంజిలో పిన్ని పక్క సీటు స్నేహితురాలిది. ఆవిడ ఆమధ్య కొత్త నంబరు తీసుకుంది, అందుకే పిన్ని ఫోనులో పేరు లేదు. ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ ఒకసారి కలిసి వెళదామని అన్నిసార్లు చేసింది. ఎత్తకపోయేసరికి, తప్పించుకుంటోందనుకుని వెళ్ళిపోయింది. పిన్ని ఇప్పుడు ఫోన్ చేస్తే మొదట ముభావంగా మాట్లాడిందట. ఈ సంగతి నాలుగో రోజు సాయంత్రం, తనని చూడడానికి వచ్చిన బుడ్డోడికి పిన్నే చెప్పింది, నవ్వుతూ.

"అదేమందో తెలుసా? ముప్పై ఏళ్ళు బోర్డు ముందు కూర్చున్నాం, ఎవరూ చెయ్యి పెట్టకుండా స్విచ్ పడడం ఎప్పుడన్నా చూశావుటే అంది. నాకు కోపం వచ్చింది. మా వాడు చూశాడే, వాడు చెప్పాడంటే అంతే అన్నాను."

బుడ్డోడు కుర్చీలోంచి లేచాడు. లేచి ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"స్విచ్ నేనే వేశాను పిన్నీ" అన్నాడు.

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. అతను మొదటి నుంచి చెప్పాడు. లోన్ల వాళ్ళ గొడవతో ఆవిడ సెంటరుకి వచ్చిన రోజు సంగతి, వేసి మర్చిపోవడం, ప్లంబరు, నాలుగు రోజుల కిందటి అబద్ధం. ఒకటీ దాచలేదు. పిన్ని మధ్యలో మాట కలపలేదు. పూర్వం ఎవరైనా లైను కలపమంటే వివరాలు అడిగినట్టు, అంతా అయ్యాక ఒక్కొక్కటీ అడిగింది. ఏ నెల? నేను నాలుగోసారి వచ్చినప్పుడు నీకు గుర్తు లేదా? గుర్తు లేదన్నాడు. ఆ రోజు ఫోను తెరిచి చూశావా? చూడలేదన్నాడు.

"మర్చిపోయావంటే నమ్ముతానురా" అంది చివరికి. "కానీ ఫోను తెరిచి చూడకుండానే నా చెవులు పోయాయన్నావు. నేనూ నమ్మాను. రాత్రుళ్ళు గోడకి చెవి ఆనించి గడియారం విన్నాను, తెలుసా నీకు?"

గడియారం సంగతి విన్నాను గానీ గోడకి చెవి ఆనించడం తెలియదన్నాడు. తెలిసిందంతా పైపైనే తెలుసని అప్పుడు అర్థమైంది. క్షమించు అనే మాట నోట్లోకి వచ్చింది గానీ, అది చెప్తే ఆవిడే మళ్ళీ తనని ఓదార్చాల్సి వస్తుందేమోనని మింగేశాడు.

పిన్ని అతన్ని తిట్టలేదు. రెండు చోట్ల నువ్వే చెప్పుకో అంది, అంతే. మర్నాడు పొద్దున్నే బుడ్డోడు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, పేషెంట్ల ముందే, తప్పు పిన్నిది కాదు, ఫోనుది కూడా కాదు, నాదని చెప్పాడు. డాక్టరు బాధపడ్డాడు. కానీ ఆ పనిలో మరో అమ్మాయిని పెట్టుకుని నాలుగు నెలలైంది, బాగానే చేస్తోంది, ఆమెని ఎలా పొమ్మంటానన్నాడు.

ఆదివారం ఇద్దరూ రెండు బస్సులు మారి స్నేహితురాలి కూతురింటికి వెళ్ళారు. గుమ్మంలోనే అతను చెప్పుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని అతన్ని పైనుంచి కింది దాకా చూసి, "ఇంత మనిషివి, అర నిమిషంలో ఎంత పని చేశావు నాయనా" అంది. తర్వాత పిన్నిని లోపలికి లాక్కుపోయింది. ఆ మధ్యాహ్నమంతా లోపలి గదిలోంచి ఇద్దరి నవ్వులూ వినిపిస్తూనే ఉన్నాయి. ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు, ఎవరూ ఎవరినీ మళ్ళీ చెప్పమనలేదు. ముందు గదిలో ఒక్కడే కూర్చున్న బుడ్డోడికి సంతోషం కలగాలి. కొంచెం కలిగింది కూడా. ఈ నవ్వుల్లో ఏడు నెలలు తను మింగేశానన్న లెక్క పక్కనే ఉండి దాన్ని పెద్దది కానివ్వలేదు.

సెంటర్లో ఇప్పుడు అతను మనుషుల్ని కూర్చోబెట్టి, మొత్తం చెప్పేదాకా వింటున్నాడు. వరస పెరిగిపోతోందని యజమాని సణుగుతున్నాడు. పిన్ని పిలుపు మారలేదు, మాట మారలేదు. పిల్లల చదువులు అడుగుతుంది, వస్తే కడుపు నిండా తినే దాకా లేవనివ్వదు.

కిందటి నెల పిన్ని ఫోను ఛార్జింగ్ ఎక్కడం మానేసిందట. పక్క వీధి కొట్లో బాగుచేయించుకుందని అతనికి భార్య ద్వారా తెలిసింది. ఆ సాయంత్రం వెళ్ళి, నాకు చెప్పలేదేం పిన్నీ అని అడిగాడు.

"నీకు పని ఎక్కువ కదరా" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఫోను తీసి చూపిస్తుందేమోనని అతను కాసేపు కూర్చున్నాడు. ఆవిడ కంచం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.