ఏనుగు మీదికి నెట్టిన చావు

మొదటి దెబ్బ చచ్చినవాడి కాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడుకు మొక్కజొన్న చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. అతని పెళ్లానికి ఆ వీలు కూడా లేదు. ఇద్దరు పాలేర్లు ఆమె రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"కాలొక్కటే చాలదురా. రొమ్ము మీద వెయ్యి. ఏనుగు తొక్కితే కాలు విరిచి ఊరుకుంటుందా?" అన్నాడు ఆసామి, గొడుగు నీడలో నిలబడి.

దుంగ ఎత్తినవాడు ఆమె సొంత తమ్ముడు. ఆ చేలో మోటారూ, కంచె తీగా చూసుకునేది వాడే. అడవి జంతువులు రాకుండా ఆసామి తీగకు దొంగ కరెంటు పెట్టించాడు. పొద్దున కూలీలు కంచె దాటేముందు "తీగ చచ్చిందా?" అని కేకేస్తారు. మోటారు గదిలోంచి "చచ్చింది" అని వినబడితేనే దాటుతారు. ఇవాళ బావ కేకేసే వేళకు కరెంటు పోయి ఉంది. గదిలో దీపం ఆరిపోవడం చూసి వాడు మీట దించకుండానే "చచ్చింది బావా!" అన్నాడు. బావ తీగ పట్టుకుని కాలెత్తాడు. సరిగ్గా అప్పుడే కరెంటు తిరిగొచ్చింది.

చంపింది తీగే. కానీ ఆసామికి ఏనుగు కావాలి. ఒకప్పుడు అదంతా ఒకే అడవి. దున్నుకుంటూ పోయి రెండు ముక్కలు చేశారు. మధ్యలో ఏనుగులు అటూ ఇటూ నడవడానికి వంద గజాల వెడల్పు దారి మిగిలింది. ఇంకొక్క మనిషి ఏనుగు కాళ్ల కింద పోతే దాన్నీ మూసేస్తామని అధికారులు మాటిచ్చారు. మూసిన మర్నాడే ఆసామి ట్రాక్టరు అందులో దిగుతుంది. ఛీ, ఏం ఆకలయ్యా ఈ పెద్దమనిషిది! శవాన్ని కూడా వదల్లేదు.

"ఫారెస్టు రేంజరొస్తున్నాడు. ఏనుగు తొక్కిందని చెప్పు, చాలు," అన్నాడు ఆసామి ఆమెతో. "కాదన్నావనుకో, చచ్చిందని కేకేసిందెవరు? జైలుకు పోయేది నీ తమ్ముడే. మొగుడు ఎలాగూ పోయాడు. వీణ్ణయినా దక్కించుకో."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే.

"నన్ను క్షమించక్కా," అని ఏడుస్తూనే వాడు మళ్లీ దుంగ ఎత్తాడు.

ఆమె పాలేరు చేతిని రక్తం వచ్చేలా కొరికింది. విడిపించుకుని పరుగెత్తి మొగుడి మీద బోర్లా పడింది. దిగుతున్న దుంగ ఆమె భుజాన్ని పగలగొట్టింది. తమ్ముడు కెవ్వున అరిచాడు.

"ఆగావేంరా? ఎత్తు! అది లేవకపోతే దాని మీదే వెయ్యి!" ఆసామి వాడి మెడ మీద ఒక్కటి చరిచాడు. వాడు దుంగ ఎత్తాడు.

"ఒరే తమ్ముడూ," అంది ఆమె పళ్ల బిగువున. "నీది పొరపాటు. ఆ ముక్క నేనే చెప్తాను. తీగ పెట్టించినోడెవడో అదీ చెప్తాను. నువ్వు జైలుకెళితే రోజూ కూడు మోసుకొస్తా. మీ బావ మీద ఇంకో దెబ్బ పడిందా, నాకు తమ్ముడే లేడు."

జీపు గట్టు పక్కన ఆగింది. రేంజరు దిగి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఎలా పోయాడు?"

"ఏనుగండీ," అన్నాడు ఆసామి.

"ఏనుగు కాదు!" అంది ఆమె, శవాన్ని వదలకుండా.

రేంజరు ఆసామి వైపు చూశాడు. ఆసామి ఆమె తమ్ముడి వైపు చూశాడు. వాడింకా దుంగ దించలేదు.