ఎడమ భుజం తుపాకీ

మా ఆయన ఓరిన్ వేటకి పోయే మనిషి కాదు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్క జింకను కూడా కొట్టి ఇంటికి తేలేదు. మా ఫ్రీజర్‌లో ఉన్న మాంసమంతా మా తమ్ముడి పుణ్యం. ఈయనకి కావలసిందల్లా వెయ్యి గజాల అవతల ఒక కాగితం, దాని మీద పది చిల్లులు, ఆ పదీ ఒక సాసరు కింద పట్టడం. అందుకోసం ఏటా ఆగస్టులో మా ఆల్డర్ క్రీక్ తుపాకీ క్లబ్బు పోటీకి, పెళ్లికొడుకు ముస్తాబైనంత శ్రద్ధగా తయారయ్యేవాడు.

నిరుడు మంచు కరిగే రోజుల్లో ఆయన కుడి కంటికి నడిమధ్యన ఒక మరక పడింది. బిల్లింగ్స్ పట్నం తీసుకెళ్లి డాక్టరుకి చూపించాను. ఆ కన్ను ఇక పనికిరాదనీ, ఎడమది ఇప్పటికి బాగానే ఉందనీ, అది ఎన్నాళ్లు నిలుస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరనీ ఆయన మెల్లగా చెప్పాడు. గళ్ల కాగితం ఒకటి ఇచ్చి, రోజూ పొద్దున్నే ఎడమ కంటితో చూడమన్నాడు. గీతలు వంకరగా కనిపిస్తే వెంటనే రమ్మన్నాడు. తిరుగు ప్రయాణంలో ఓరిన్ ఊరు దగ్గరపడ్డాక, అయితే ఎడమ భుజానికి మార్చుకోవాలన్న మాట, అన్నాడు. కన్ను పోయిందని నేను ఏడుస్తుంటే ఆయన భుజం గురించి ఆలోచిస్తున్నాడు.

భుజం మార్చడమంటే తుపాకీ మార్చడమే. తూటాను లోపలికి నెట్టి బిగించే బోల్టు కుడిపక్క ఉన్న తుపాకీ ఎడమ భుజం మీద సుఖంగా కూర్చోదు. కాబట్టి కొత్తది కట్టించాలి. బ్యారెల్ ఆయన ఎప్పుడో కొని దాచుకున్నదే ఉంది. భుజానికి ఆనే కొయ్యను మా ఊళ్లో తుపాకీలు చేసే రాస్క్ చెక్కుతానన్నాడు. పేచీ అంతా యాక్షన్ దగ్గర వచ్చింది. యాక్షన్ అంటే ఆ బోల్టు ఇమిడి తిరిగే ఉక్కు ముక్క. బ్యారెల్ దానికే బిగుస్తుంది, మిగతా తుపాకీ అంతా దాన్ని పట్టుకునే ఉంటుంది.

రాస్క్ కొట్లో అలమార మీద ఎడమచేతి యాక్షన్ ఒకటి ఉంది. ఫ్యాక్టరీలో చేసింది. అతను దాన్ని దించి బల్ల మీద పెట్టాడు.

"దీని ముఖం చదును చేసి, బోల్టు పట్టుకునే చోట్లు అరగదీసి కూర్చోబెడతాను ఓరిన్. మూడు వారాల పని. ఈ ఆగస్టు పోటీకే దీంతో కొట్టొచ్చు."

ఓరిన్ బోల్టును రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాడు. నిన్నటి కాఫీ తాగినట్టు మొహం పెట్టాడు.

"గరగరమంటోంది."

"అన్నీ అంటాయి. కాగితానికి వినపడదులే."

నాకు రాస్క్ మీద ఆ రోజు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. కానీ మా ఆయన మనసు అప్పటికే పక్క రాష్ట్రం ఇడాహో వెళ్లిపోయింది. అక్కడ ఒక ముసలాయన యాక్షన్లను ఒక్కొక్కటే దగ్గరుండి చేస్తాడు. ఎడమచేతివి ఏడాదికొక్కసారి, అడిగిన వాళ్లందరివీ కలిపి ఒక్క విడతలో చేస్తాడు. ఆ ఏడు విడత అయిపోయింది. మళ్లీ వచ్చే వసంతానికే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఉన్నమాట అడిగేశాను.

"నీ కన్ను ఆ ముసలాయన వరసలో నిలబడుతుందా ఓరిన్?"

ఆయన ఫోర్కు కింద పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఫ్యాక్టరీ ముక్కతో కూర్చున్నాననుకో, ఒక తూటా పక్కకి పోతే, నేను తప్పు కొట్టానా అది కొట్టిందా అన్నది ఎప్పటికీ తెలీదు. ఇది నా ఆఖరి తుపాకీ ఆర్డీ. ఆ అనుమానం పెట్టుకుని కొట్టలేను."

ఈ ఆట ఆడే మగవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. ఫ్యాక్టరీ అన్న మాటను తిట్టులా వాడతారు. వెంట్రుకవాసి తేడా కోసం ఏడాది ఆగుతారు, ఆ ఏడాది తమ జేబులోనే ఉందన్నంత ధీమాగా. నేను వాదించాను, అలిగాను, వారం పాటు ఉడకబెట్టిన బంగాళాదుంపలు తప్ప ఏమీ వండలేదు. ఆయన ఉప్పు చల్లుకుని తినేశాడు. యాక్షన్‌కి ఆర్డరు వెళ్లిపోయింది.

నిరుటి ఆగస్టులో ఓరిన్ తుపాకీ కొట్టేవాళ్లు కూర్చునే బెంచీల వెనక మడత కుర్చీ వేసుకుని కూర్చుని, పోటీ అంతా చూసి వచ్చాడు. రాస్క్ అలమార మీది యాక్షన్‌ని శరదృతువులో ట్రినా కొనుక్కుంది. మా పక్క పశువుల కొష్టం వాళ్లమ్మాయి, పుట్టు ఎడమచేతి వాటం. ఓరిన్ ఆ పిల్లని కూర్చోబెట్టుకుని గాలి ఎలా చదవాలో, గడ్డి ఎటు వంగితే గురి ఎటు జరపాలో నేర్పాడు. ఇంటికొచ్చి మాత్రం, మంచి పిల్ల, ఆ గరగర ముక్కతో ఏం కొడుతుంది పాపం అనేవాడు.

వసంతంలో ఇడాహో నుంచి పెట్టె వచ్చింది. రాస్క్ దానికి బ్యారెల్ బిగించి, ఓరిన్ ఎడమ దవడ వాలుకి సరిగ్గా కొయ్య చెక్కి తెచ్చాడు. ఓరిన్ బోల్టు మూశాడు. చప్పుడే లేదు. నన్ను కూడా మూసి చూడమన్నాడు. వెన్నలో వేలు దిగినట్టు దిగింది. అంత అందంగా ఉన్నందుకు నాకు ఒళ్లు మండింది.

గళ్ల కాగితం ఫ్రిజ్ తలుపు మీదే ఉండేది. రోజూ పొద్దున్న ఓరిన్ దాని ముందు నిలబడి, కుడి కన్ను మూసుకుని, గీతలు నిటారుగానే ఉన్నాయని చెప్పి కాఫీకి కూర్చునేవాడు. పేపరు చదవడం ఎందుకు మానేశావంటే, అందులో అన్నీ చెడ్డ కబుర్లే అన్నాడు. నేను నవ్వాను. నిజమే కదా అనుకున్నాను. ఆగస్టు ఇంకెంతో దూరం లేదు, ఈసారి ఆయన బెంచీ మీద కూర్చుంటాడు, ఆ ఒక్కటి అయిపోతే చాలనుకున్నాను. ఒక్క మంచి కాగితం పడితే ఇక తుపాకీ దించేస్తానని ఆయన నాకు మాటిచ్చాడు.

పోటీ రోజు బండి ఆయనే నడిపాడు.

మా క్లబ్బులో ఆడవాళ్లం చాలామందిమి కందకంలో పనిచేస్తాం. కాగితాల కింద సిమెంటు గోడ వెనక కూర్చుని, బెంచీ నంబరు రాసి ఉన్న ఫ్రేములను పైకెత్తడం, దించడం మా పని. తూటాలు నెత్తి మీంచి చిటపటమంటూ పోతుంటాయి. ఎవరూ తమ ఇంటి వాళ్ల కాగితం ముట్టుకోకూడదన్నది నియమం. ఓరిన్‌కి ఎనిమిదో బెంచీ వచ్చింది, ట్రినాకి ఏడోది. నాకు ఏడో కాగితం పడింది. నా పక్కన ఎనిమిది దగ్గర గస్ అనే ముసలాయన కూర్చున్నాడు.

మొదట కాసేపు సరిచూసుకునే తూటాలు. అప్పుడు ప్రతి చిల్లుకీ మేం గుర్తు పెడతాం, వెనకనుంచి దుర్భిణీలో చూసేవాళ్లు కొట్టేవాళ్లకి చెప్పవచ్చు. ఓరిన్ వెనక రాస్క్ కూర్చున్నాడు. అంతా బాగానే జరిగింది. తర్వాత పాత కాగితాలు దించి కొత్తవి ఎక్కిస్తాం. ఆ వ్యవధిలో ఓరిన్ తుపాకీని ఇసుక సంచుల మీంచి తీసి బ్యారెల్ తుడుస్తాడు. ఎన్నో ఏళ్ల అలవాటు. మళ్లీ పెట్టి గురి చూసుకుంటాడు. ఇక అక్కడి నుంచి అసలు పది తూటాలు. వాటికి గుర్తులుండవు, కొట్టేవాడితో ఎవరూ మాట్లాడకూడదు.

తూటాలు మొదలయ్యాయి. నా కాగితం మీద కింద ఎడమపక్క చిల్లులు పడసాగాయి, దగ్గరదగ్గరగా, ముద్దొచ్చేలా. తర్వాత పైన కుడిపక్క ఇంకో గుంపు మొదలైంది. అదీ అంతే దగ్గరగా ఉంది. పిల్ల గాలి మారిందని గురి మార్చినట్టుంది, ఓరిన్ చెప్పిన పాఠం బాగానే ఒంటబట్టిందనుకున్నాను. కొంచెం అసూయ కూడా కలిగింది. మా ఆయనది ఇంతకంటే బాగుండాలని దేవుణ్ణి అడిగాను.

"మీ ఆయన నిద్రపోతున్నాడా ఏంటి ఆర్డిస్? నా కాగితం మీద ఈగ కూడా వాలలేదు," అన్నాడు గస్.

నేను తలెత్తి నా కాగితం చూశాను. పది దాటిపోయాయి. మళ్లీ ఒకటి పడింది, పైన కుడిపక్క, మిగతావాటిని ఆనుకుని. గోడకి చేరగిలబడి కూర్చున్నాను. ఆ నీలాకాశంలోంచి మా ఆయన తూటాలు ఒక్కొక్కటే వచ్చి, ఆయన జీవితంలోకెల్లా మంచి గుంపును పక్కవాళ్ల కాగితం మీద పెడుతుంటే, కింద కూర్చుని చూడటం తప్ప నేను చేయగలిగింది లేదు. అరిచినా వెయ్యి గజాలు వినపడదు.

కాగితాలు దించాక కందకం పెద్దాయన చిల్లుల్లో కొలత పుల్ల పెట్టి చూశాడు. ట్రినా తూటా సన్నం, ఓరిన్‌ది లావు. పైగుంపు పదీ లావువే. పక్క కాగితం మీద పడినవి లెక్కలోకి రావు. ఎనిమిదో నంబరుకి సున్నా అని ఆయన రేడియోలో బెంచీల దగ్గరికి చెప్పాడు. నా మొహం చూడకుండా చెప్పాడు.

కొత్తవాళ్లు ఎప్పుడైనా తొందరలో ఒక తూటా పక్క కాగితానికి కొడతారు. అందరూ నవ్వుతారు, వాళ్లు ఆ సాయంత్రం బీరు పోయిస్తారు. పది తూటాలూ అలా కొట్టినవాణ్ణి మా మైదానంలో ఎవరూ చూడలేదు. నేను క్లబ్బు బండిలో బెంచీల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు. అందరికీ అర్థమైపోయింది. రాస్క్ టోపీ చేతిలో పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఓరిన్ ఇంకా బెంచీ దగ్గరే ఉన్నాడు, తుపాకీ మీద చెయ్యి వేసుకుని.

పక్కన కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ నుంచి."

"మరి ఆ గీతలు?"

"గీతలు లేవు ఆర్డీ. నడిమంతా పొగే. అంచుల్లోంచి తెల్లబోర్డు తెలుస్తుంది, నల్ల మచ్చ తెలుస్తుంది. నంబరే తెలీదు. ముందు రాస్క్ చెబుతుంటే గురి సరిగ్గానే పెట్టాను కదా, తుడిచాక మళ్లీ అక్కడే పెట్టాననుకున్నా."

నిరుటి ఆగస్టు అన్న మాట నా నోటి దాకా వచ్చింది. అప్పుడు ఈ కన్నుకి నంబరు కనిపించేది. ఏడాదిగా ఆ మాట నాలో నలుగుతూనే ఉంది, ఈ రోజు అది నిజమని తేలింది. నా మాట నెగ్గినందుకు నాకు ఏడుపొచ్చింది. ఆ కంటితోనే పొద్దున నన్ను అంత దూరం బండిలో తీసుకొచ్చాడన్నది కూడా అప్పుడే తట్టింది. అందుకు కూడా కోపం తెచ్చుకోలేకపోయాను.

ట్రినా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడో కాగితం నా చేతిలో పెట్టింది.

"కొలవడం అయిపోయింది ఆంటీ. ఇది అంకుల్ దగ్గరే ఉండాలి."

వెనుదిరిగి వెళ్లిపోయింది. నేను కాగితాన్ని బెంచీ మీద పరిచాను. ఓరిన్ తల పక్కకి తిప్పి, కోడి గింజను చూసినట్టు అంచు కంటితో చూడబోయాడు, లాభం లేక వదిలేశాడు. ఆయన చూపుడు వేలు పట్టుకుని పైగుంపు మీద పెట్టాను. ఒక్కో చిల్లునీ తడిమాడు. చిరిగిన అంచుల చుట్టూ మెల్లగా తిప్పాడు.

"ఇవేనా నావి?"

"ఇవే."

"పదీ?"

"పదీ."

అరచెయ్యి బోర్లించి వాటి మీద పెట్టాడు. మొత్తం కప్పుకుపోయాయి. సాసరు కూడా అక్కర్లేదు, కాఫీ కప్పు చాలు. ఆయన మొహంలో ఒక్క క్షణం పాత ఓరిన్ కనిపించాడు, బోల్టు చప్పుడు చేయకుండా మూసుకున్న రోజు ఉన్నవాడు.

"మరి ఆ పిల్లవి ఎలా పడ్డాయి? ఆ ఫ్యాక్టరీ ముక్కతో?"

నేను కిందిగుంపు వైపు చూశాను. అదీ కాఫీ కప్పు కింద పట్టేదే. రెండింటిలో ఏది చిన్నదో నా కళ్లకే తెలియడం లేదు. ఏడాది పాటు మేం పడిన పేచీకి జవాబు అదే కాగితం మీద పక్కపక్కనే ఉంది. నేను ఆయన చేతిని అటు జరగనివ్వకుండా పట్టుకున్నాను.

"చెల్లాచెదరు," అన్నాను. "నీ టోపీ కింద కూడా పట్టవు."

ఓరిన్ తలాడించాడు. సరే అన్నట్టు, ఆగినందుకు ఫలితం దక్కిందన్నట్టు. నా చెయ్యి ఒకసారి నొక్కాడు.

అంతలో మైకులో ఫలితాలు చదవడం మొదలుపెట్టారు. మొదటి స్థానం ట్రినాది. కొలత కూడా చదివారు, అంగుళాలూ ఆ పైన భిన్నాలూ, స్పష్టంగా. చప్పట్లు కొట్టారు. ఓరిన్ అంతా విన్నాడు. చప్పట్లు ఆగేదాకా కాగితం మీంచి చెయ్యి తీయలేదు. తర్వాత కాగితాన్ని మడిచి నాకిచ్చి, జేబులోంచి తాళాలు తీసి దాని మీద పెట్టాడు.

"పద ఆర్డీ," అన్నాడు. "బండి నువ్వు నడుపు."