ఉప్పెక్కిన చెరువు

నీరటి ఎంకయ్య పొద్దున లేవగానే తూము కాడికి పోయి, రాతి మీద గాట్లలో ఎన్ని తడిసినయో చూసేవాడు. తూము ఎత్తి పొలాలకు నీళ్లు వదలడం ఆయన పని. అక్కణ్నుంచి నేరుగా చాపలు పట్టే బుగ్గయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూచునేవాడు. చెరువు వేలెడు పెరిగిందనో, పెరగలేదనో చెప్పి బీడీ ముట్టించేవాడు.

బుగ్గయ్య కడుపులో నీళ్లు పెరిగితే చెరువు తగ్గేది. కడుపు తగ్గితే చెరువు పెరిగేది. ఇబ్రహీంపట్నంలో ఇది అందరికీ తెలిసిన సంగతే. నలభై ఏండ్లు ఆ నీళ్లలో వల వేసిన మనిషికి చెరువుతో ఆమాత్రం పొత్తు లేకుండా ఎట్లా ఉంటుంది?

సారా తాగి తాగి బుగ్గయ్య కార్జం రాయిలా గట్టిపడింది. ఎండాకాలానికి కడుపు నిండు బానలా అయింది. కాళ్లు ఉబ్బినయి, పడుకుంటే ఊపిరాడదు. అప్పుడే మిషను దవాఖానలో పని నేర్చుకుని సుసన్న ఊరికొచ్చింది. తెల్లచీర కట్టుకుని గుడిసెల మధ్య ఆమె నడిచొస్తుంటే, మబ్బుల్లోంచి ఒక కొంగ దారి తప్పి ఊళ్లో దిగినట్టుండేది.

ఆమె సారా మాన్పించింది. కడుపులో నీళ్లు దిగిపోవడానికి వారానికొకసారి తుంటికి పాదరసం కలిసిన సూదిమందు వేస్తానన్నది. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఉప్పు సంగతి.

"ఉప్పు నీళ్లను పట్టుకొని కూసుంటది బాపు. నువ్వు ఉప్పు తిన్నన్ని దినాలు నా సూది ఏం జెయ్యదు."

మొదటి సూదికి బుగ్గయ్య పొద్దుగూకే లోపల తొమ్మిదిసార్లు ఒంటికి పోయొచ్చాడు. తెల్లారి చెరువు రెండు వేళ్లు పెరిగింది. ఆ ఏడు వానలు సరిగా లేక నాట్లు ఆగిపోయి ఉన్నయి. దాంతో రైతులు బుగ్గయ్య వాకిట్లోకి రావడం మొదలుపెట్టారు. మల్లేశయ్య అయితే నా మడి ఇంకా తడవలేదు, వారం దాకా ఎందుకు, రేపే ఇంకో సూది పొడువరాదా అని అడిగాడు. మందు మనిషికి గాని మడికి కాదని సుసన్న నవ్వింది.

అట్లా మూడు సూదులు పనిచేసినయి. నాలుగోది పనిచెయ్యలేదు. అయిదోది వేసినాక కడుపు తగ్గకపోగా ఇంకా బిగిసింది. చెరువు బురద తేలింది.

అది రజాకార్ల ఏడు. పట్నం బస్సు ఆగిపోయింది. ఇండియన్ యూనియన్ వాళ్లు నిజాం రాజ్యానికి సరుకులు బంద్ పెట్టడంతో ఉప్పు లేదు, గ్యాస్‌నూనె లేదు, మందులు లేవు. సుసన్న డబ్బాలో ఒక్క సూదిమందు మిగిలింది. అది కూడా వృథా అయితే బుగ్గయ్య దసరా చూడడని ఆమెకు తెలుసు.

ఉప్పు పెడుతున్నావా అని బుగ్గయ్య భార్య జంగమ్మను నిలదీసింది. జంగమ్మ దీపం మీద చెయ్యిపెట్టి ఒట్టేసింది. ఇంట్లో ఉప్పు పలుకు చూసి మూడు నెలలైందనీ, దుకాణంలోనే లేనిది తనకెక్కడిదనీ అన్నది. అందులో అబద్ధం లేదు.

ఒకనాడు ఎంకయ్య వచ్చి బీడీ ముట్టించకుండా కూచున్నాడు. బర్రెలు చెరువులో మూతి పెడతలేవని మెల్లగా చెప్పాడు. ఎందుకని సుసన్న అడిగింది.

"నీళ్లు ఉప్పగైనయి బిడ్డా. ఇరవై దినాలాయె."

"ఇరవై దినాలసంది నోరు మూసుకొని కూసున్నవా?"

ఎంకయ్య తల గోక్కున్నాడు. "చెప్తె గా ఉప్పు పోతదేమోనని. ఊరంత గా నీళ్లతోనే కూరొండుకుంటున్నది."

సుసన్న ఉరికి చెరువులో దోసిలి ముంచి నాలుకకు తగిలించింది. నిజమే. బుగ్గయ్య కడుపులోకి ఉప్పు పోతున్నది. ఆమె వెనక్కొచ్చి, బాపు పొద్దున ఏం తిన్నడని అడిగింది. గంజి, కాల్చిన ఎండుచాప అని చెప్పింది జంగమ్మ. చాపలు మస్తుగా పడ్డ దినాల్లో ఉప్పు రుద్ది ఎండబెట్టి, కుండకెత్తడం వాళ్ల ఇండ్లలో అలవాటు. పోయినేటి కుండ ఇంకా సగముంది.

"మరి గది ఉప్పు గాదా అవ్వా?"

"గది చాపనాయె. ఉప్పెట్లయితది?"

చేతితో చిటికెడు వేసేదే ఉప్పు. చాపలోకి పోయింది చాప. జంగమ్మ తల్లి, తల్లికి తల్లి కూడా అట్లనే అనుకున్నారు. సుసన్న ఒక ఎండుచాపను చెంబు నీళ్లలో నానబెట్టి, కాసేపటికి ఆ నీళ్లు జంగమ్మ చేతిలో పోసింది. జంగమ్మ రుచి చూసి గోడకు ఒరిగింది.

"సారా మానిండు, సప్పిడి తింటుండు. గీ ఒక్కటన్న ఇష్టంగ తింటడని నెల దినాలసంది పెడుతున్న బిడ్డా," అన్నది.

ఆ సాయంత్రమే ఎండుచాపల కుండ ఎంకయ్య ఇంటికి పోయింది. బుగ్గయ్య ఆయాసపడుతూ ఆ మిగిలిన సూది ఇప్పుడే వేసెయ్యమన్నాడు.

"ఆగు బాపు. చెరువు తియ్యగైననాడు ఏస్త."

ఎనిమిది దినాలు ఆమె పొద్దున్నే చెరువు రుచి చూసింది. ఎనిమిది దినాలు జంగమ్మ భర్తను వీపుకు వీపు ఆనించి కూచోబెట్టి ఊపిరి పీల్చుకోనిచ్చింది. తొమ్మిదోనాడు బర్రెలు వంగి కడుపునిండా తాగినయి. అదేనాడు యూనియన్ మిలిటరీ వస్తున్నదని ఊరంతా తలుపులు మూసుకున్నది. తూర్పు దిక్కు నుంచి మోటార్ల మోత వినిపిస్తుండగా సుసన్న ఒక్కతే వీధి దాటి వచ్చింది. ఆ ఒక్క సూది వేసింది. ఇక ఒంటికని లేచిన బుగ్గయ్యను కూచోబెట్టడం ఎవరి తరమూ కాలేదు.

నిజాం లొంగిపోయిండన్న కబురు ఊరికి చేరేసరికి చెరువు రెండు గాట్లు ఎక్కింది. మల్లేశయ్య మడి తడిసింది.

ఇంకో పదిహేను దినాలకు ఉప్పు బండి వచ్చింది. ఆ బండిలోనే సుసన్నకు మందుల పెట్టె కూడా వచ్చింది. ఉప్పు కోసం ఊరంతా వరసగట్టింది. ఆ వరసలో జంగమ్మ లేదు. ఆమె గంప నెత్తిన పెట్టుకుని చెరువు కట్ట మీద పోతున్నది. ముందు బుగ్గయ్య, భుజాన వల.

"జర నిమ్మళంగ నడువరాదా, అందుకోలేకపోతున్న," అన్నదామె.

బుగ్గయ్య వెనక్కి చూడకుండానే, నీకోసం చాపలు ఆగుతయా అని కసిరి ఇంకా జోరుగా నడిచాడు.