కెల్లు అడిగిన ప్రశ్న

రేడియోలో తన పేరు వస్తుందని యాగనా పొద్దుటినుంచి కనబడినవాళ్ళందరికీ చాటుకుంది. చాటుకోకుండా ఉంటే ఎంత బాగుండేది! మైదుగురి పట్నంలో కాలేజీ పంతులమ్మ ఆవిడ. జిహాదీ దళాల్లోంచి పారిపోబోయి దొరికిపోయినవాళ్ళ గతేమిటన్న విషయం మీద మూడేళ్ళు పరిశోధన చేసి వ్యాసం రాసింది. దాని సారాంశం ఆ మధ్యాహ్నం కనూరి భాష వార్తల తర్వాత చదువుతారు.

యాగనా ఎప్పటిలాగే బజారులో కెల్లు నడిపే పూటకూళ్ళ పాక ముందు బల్ల మీద కూర్చుంది. కెల్లు సంకటి ముద్ద వేసి బెండకాయ పులుసు పోసింది.

"రేడియోలో పడ్డావని చేప తల నీకే వేస్తాననుకోకు. అది కాచల్లాకి."

"ఎప్పుడూ ఆయనకే కదమ్మా."

పక్కనే తింటున్న కాచల్లా నవ్వలేదు. టోపీల మీద కుట్టుపని చేసే మనిషి, ఎవరి జోలికీ పోడు. ఒకప్పుడు అడవిలో ఆ జిహాదీ దళంలో ఉన్నాడని యాగనాకి ఒక్కదానికే తెలుసు. వ్యాసంలో అతనికి పేరు లేదు, పదిహేడో నంబరు సాక్షి. ఎవరికీ చెప్పనని ఖురాన్ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుంది. తెలిసిందంటే ఈ బజారే అతన్ని సాయంత్రానికి బతకనివ్వదు. ఆ దళాల మూలంగా శవం చూడని ఇల్లు బజారులో లేదు మరి.

కెల్లు ఇల్లూ అంతే, కాకపోతే ఆవిడకి శవం కూడా దక్కలేదు. కొడుకు గ్రేమాని అడవివాళ్ళు ఎత్తుకుపోయి ఎనిమిదేళ్ళయింది. చచ్చాడని ఎవరైనా అంటే గరిటె విసిరేది.

రేడియో మొదలైంది. పేరు వచ్చింది. బల్ల మీద వాళ్ళు యాగనా భుజం తట్టారు.

"పదిహేడో నంబరు మనిషి చెప్పిన ప్రకారం, పారిపోబోయిన ఒక కుర్రవాణ్ణి కాల్చి చంపారు. అక్కడ అందరికీ మారుపేర్లే గనక అసలు పేరు తెలియదు. పొట్ట మీద ఎడమవైపు నాలుగు, కుడివైపు మూడు పాత గాట్లు..."

గరిటె ఆగింది.

"నాలుగు, మూడు," అంది కెల్లు, ఎవరితోనూ కాదు. "చంటివాడిగా ఉన్నప్పుడు జ్వరం దిగాలని మంగలి గాట్లు కోశాడు. వాడి ఏడుపు చూడలేక ఎనిమిదోది కొయ్యకుండా నేనే చెయ్యి పట్టుకున్నా."

యాగనా చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేసింది. వ్యాసంలో పేర్లు మార్చింది, ఊళ్ళు మార్చింది, వయసులు మార్చింది. గాట్లు మాత్రం సాక్ష్యం బాగుంటుందని ఉన్నవి ఉన్నట్టు వదిలేసింది. మూడేళ్ళుగా ఈ తల్లి చేతి కూడు తింటూ, ఈవిడ కొడుకు చావుని సంచీలో పెట్టుకు తిరిగింది. తెలివంటే ఇదేనా అని తన మొహం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది. 

"అమ్మా, నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు."

"ఎవరు చెప్పారో నాకొద్దు," అంది కెల్లు. కళ్ళలో ఒక్క చుక్క లేదు. "ఒక్కటి చెప్పు. నా బిడ్డకి స్నానం చేయించారా? నమాజు చదివి పూడ్చారా, కుక్కలకి వదిలేశారా?"

  యాగనా కాచల్లాని పందొమ్మిదిసార్లు కూర్చోబెట్టి అడిగింది, ఏ తుపాకీ, ఎవరి ఆజ్ఞ, ఏ నెల అని. ఇది మాత్రం అడగాలని తట్టనేలేదు.

"నేను అడగలేదమ్మా," అంది.

కాచల్లా గిన్నె కింద పెట్టాడు. యాగనా వద్దన్నట్టు తల ఊపింది. అతను ఆమె వైపు చూడలేదు.

"నీళ్ళు లేవమ్మా," అన్నాడు. "ఇసుకతోనే శుద్ధి చేశాను. నమాజు నేనొక్కణ్ణే చదివాను. మొహం కాబా వైపు తిప్పి పడుకోబెట్టాను."

 బల్ల మీద వాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఒకడు కట్టెల మోపులోంచి దుడ్డుకర్ర లాగాడు.

కెల్లు వచ్చి కాచల్లాకీ వాళ్ళకీ మధ్య నేల మీద కూలబడింది.

"కూర్చోండి. వీడు ఇంకా చెప్పాలి. నా బిడ్డ పోయేముందు ఏమన్నాడో నేను ఇంకా అడగలేదు."